ముందుగదిలో నీళ్ల తొట్టి

తొలికాన్పు పుట్టింటి బాధ్యత. నెలలు నిండేలోపు అమ్మాయిని తీసుకొచ్చుకుని, పురుడు పోసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో పంపడం మన దగ్గర పద్ధతి. ఈ కథలో అమ్మాయి రాలేదు. పుట్టిల్లే రెండు సూట్‌కేసుల్లో సర్దుకుని హన్మకొండ నుంచి బయల్దేరింది. ఒక దాంట్లో శొంఠి, కాయానికి కావలసిన దినుసులు, పొత్తిగుడ్డల కోసం ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు. రెండో దాంట్లో పచ్చళ్లు. 2024 అక్టోబరులో, ఆరు నెలల విజిటర్ వీసా మీద, ఆమె హీత్రూలో దిగింది.

దిగేసరికి కూతురికి ముప్ఫై ఆరో వారం. లండన్ నుంచి పడమరగా రైల్లో అరగంట దూరంలో ఉన్న ఊళ్లో రెండు పడగ్గదుల అద్దె ఇల్లు. కింద ముందుగదిలో సోఫాను గోడకు నెట్టేశారు. ఆ ఖాళీలో ఒక పెద్ద అట్టపెట్టె.

"గదేంది?"

"తొట్టి, అమ్మా. ఫోన్ల చెప్పిన కద."

ఫోన్‌లో చెప్పిన మాట నిజమే. రెండు నెలల కింద వీడియో కాల్‌లో చెప్పినప్పుడు తల్లి ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది. "నీళ్లల్ల కనుడేందే బిడ్డా? మనుషులమా, చేపలమా?"

ఈ కుటుంబం పేర్లు రాయొద్దంది. కాబట్టి ఇక్కడ వాళ్లు కూతురు, అల్లుడు, అమ్మ.

కూతురి పట్టుదల హన్మకొండలోనే మొదలైంది. అక్కకు ఆపరేషన్. ఇద్దరు వదినలకూ ఆపరేషన్. అక్కకైతే పంచాంగం చూసి, వర్జ్యం లేని ఘడియ ఎంచి, డాక్టరమ్మను ఒప్పించి మరీ కోత పెట్టించారు. అక్క ఆరోగ్యంగా ఉంది, కొడుకు బడికి పోతున్నాడు. ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ చెల్లెలికి ఒక సందేహం మిగిలిపోయింది. నొప్పులు అసలు మొదలే కాని కాన్పులు ఇన్నేంటి? ఆమె సందేహానికి లెక్కల దన్ను ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5.

ఇంగ్లండ్‌లో గర్భం నమోదు చేయించుకోవడానికి వెళ్లిన రోజు మిడ్‌వైఫ్ అడిగిన ప్రశ్నకు ఆమె తడబడింది. కాన్పు ఎక్కడ కావాలనుకుంటున్నారు? ఆసుపత్రిలో డాక్టర్లుండే వార్డులోనా, దాని పక్కనే మిడ్‌వైఫ్‌లే నడిపే బర్త్ సెంటర్‌లోనా, ఊళ్లో విడిగా ఉన్న బర్త్ సెంటర్‌లోనా, ఇంట్లోనా? ఇంట్లో అయితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మిడ్‌వైఫే ఇంటికి వస్తుంది, పైసా ఖర్చు లేదు. నీళ్ల తొట్టి మాత్రం మీరే తెచ్చుకోవాలి. ఆ దేశంలోనూ ఇంటి కాన్పులు నూటికి రెండు మూడుకు మించవు. అయినా అది అడిగి తీసుకోగలిగిన ఏర్పాటు.

నీళ్లలో కాన్పు కొత్త వింత కాదు. 1803లో ఫ్రాన్స్‌లో రెండు రోజులు నొప్పులు పడి అలసిపోయిన ఒక స్త్రీ వేడినీళ్ల తొట్టిలో దిగి, అందులోనే బిడ్డను కన్నదని అక్కడి వైద్య పత్రికలో నమోదైంది. ఆ దేశంలోనే పితివియే అనే చిన్న ఊరి ఆసుపత్రిలో మిషెల్ ఒదాఁ అనే డాక్టరు నొప్పులు పడే తల్లుల కోసం గదిలో కొలను పెట్టించి, 1983లో 'లాన్సెట్' పత్రికలో నూరు నీటి కాన్పుల గురించి రాశాడు. 1992లో బ్రిటిష్ పార్లమెంటు ఆరోగ్య కమిటీ, వీలైనంత వరకు ప్రతి ప్రసూతి విభాగంలోనూ తొట్టి సౌకర్యం ఉండాలని చెప్పింది. అక్కణ్నుంచి అది మామూలు విషయమైపోయింది.

అల్లుడిది ఖమ్మం, ఉద్యోగం బీమా కంపెనీలో లెక్కలు కట్టడం. అతను భార్య కోరికను కాదనలేదు, అవుననీ అనలేదు. చదివాడు. ఇంగ్లండ్‌లో 2011లో వెలువడిన 'బర్త్‌ప్లేస్' అధ్యయనం అతని చేతికి చిక్కింది. ఏ జబ్బూ లేని, ప్రమాదం తక్కువున్న 64,538 మంది తల్లుల కాన్పుల లెక్క అది. అందులో మూడు అంకెలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు.

45. 9.3. 5.3.

తొలికాన్పు ఇంట్లోనే అనుకున్న నూరు మందిలో 45 మంది నొప్పుల మధ్యలోనో, బిడ్డ పుట్టిన వెంటనేనో ఆసుపత్రికి తరలాల్సి వచ్చింది. బిడ్డకు తీవ్రమైన కీడు జరిగినవి, అంటే ప్రాణం పోవడం, మెదడుకు దెబ్బ తగలడం, పుట్టుకలో గాయపడటం లాంటివన్నీ కలిపి, ఇంటి కాన్పు అనుకున్న తొలిచూలు తల్లుల్లో వెయ్యికి 9.3. ఆసుపత్రి వార్డు ఎంచుకున్నవాళ్లలో వెయ్యికి 5.3. రెండూ చిన్న అంకెలే. కానీ రెండూ ఒకటి కావు. మిడ్‌వైఫ్‌లు నడిపే బర్త్ సెంటర్లలో మాత్రం ఆ తేడా కనిపించలేదు.

"బర్త్ సెంటర్‌లో కూడా తొట్టి ఉంది. పక్కనే ఆపరేషన్ థియేటర్. మరి ఇల్లే ఎందుకు?" అన్నాడు.

ఇది రాస్తున్నప్పుడు నేను అల్లుడి పక్షమే. అతని ప్రశ్నకు సూటి జవాబు లేదు. ఆమె దగ్గర ఉన్నది ఇది: ఆసుపత్రి గుమ్మం తొక్కగానే తను రోగి అయిపోతుంది. నొప్పులతో కారెక్కడం, పార్కింగు, ఎవరో వచ్చి చూసి 'ఇంకా టైముంది, ఇంటికెళ్లండి' అనడం... ఇవేవీ వద్దు. తన గది, తన దుప్పటి, వంటింట్లో అమ్మ.

"ఆ నలభై అయిదులో ఉంటే?"

"ఉంటే పోదాం. పోవద్దని ఎవరన్నరు?"

ఆ ఒక్క మాటతో అల్లుడు మెత్తబడ్డాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ప్లాన్ రెండు భాగాలైంది. తొట్టి భాగం ఆమెది. ఆసుపత్రికి తరలే భాగం అతనిది. బ్యాగు సర్దడం, దారి చూసుకోవడం, గుమ్మంలో స్ట్రెచర్ తిరగడానికి చెప్పుల స్టాండు తీసేయడం అతని పనులు. సగం సగం జరిగే అవకాశమున్న దానికి ప్లాన్ కూడా సగం సగం ఉండాలని బీమా బుర్ర.

ముందు పరీక్షలు దాటాలి. దక్షిణాసియా మూలాలున్న గర్భవతులకు అక్కడ షుగర్ పరీక్ష తప్పనిసరిగా సూచిస్తారు. ఇరవై ఆరో వారంలో పరగడుపున వెళ్లి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగి, రెండు గంటలు కూర్చుని వచ్చింది. షుగర్ లేదు, బీపీ లేదు, రక్తం బాగుంది, బిడ్డ తల కిందికి తిరిగింది. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఇంట్లో వద్దని చెప్పేవాళ్లే.

అమ్మ దిగిన నాలుగో రోజున మిడ్‌వైఫ్ ఇల్లు చూడటానికి వచ్చింది. యాభై దాటిన మనిషి. బూట్లు గుమ్మం దగ్గరే విప్పింది. అమ్మకు అది నచ్చింది. ఆ తర్వాత గంటసేపు అమ్మ అడగడం, అల్లుడు తర్జుమా చేయడం. కోర్టులో అయినా అంత నిలదీత ఉండదేమో.

"నీళ్లల్ల పుట్టిన బిడ్డ ఊపిరెట్ల తీస్కుంటది?"

బొడ్డుతాడు ద్వారా ప్రాణవాయువు అందుతూనే ఉంటుంది, ముఖానికి గాలి సోకేదాకా బిడ్డ ఊపిరి తీసుకోదు, అందుకే నీళ్లు తల్లి ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి, 37.5 డిగ్రీలు దాటకూడదు, పుట్టగానే మెల్లగా పైకి తీస్తాం, ఒకసారి తల బయటికొచ్చాక మళ్లీ నీళ్లలోకి పోనివ్వం. తొందరపడి గుంజితే బొడ్డుతాడు తెగే ప్రమాదం ఉంది. అది నీళ్లలో కాస్త ఎక్కువ, దానికి బిగించే క్లిప్పులు సిద్ధంగా పెట్టుకుంటాం.

"మాయ పడకుంటే?"

మాయ పడే వేళకు నీళ్లలోంచి రమ్మంటాను. ఎంత రక్తం పోయిందో నీళ్లలో కొలవడం కష్టం.

రక్తం మాట రాగానే అమ్మ కాసేపు ఆగింది. తర్వాత చెప్పింది. తనకు ఎనిమిదేళ్లప్పుడు చిన్నమ్మ ఇంట్లోనే కన్నది. మంత్రసాని మంచిదే, ఊళ్లో సగం మందికి ఆమే పురుడు పోసింది. బిడ్డ పుట్టింది, మాయ పడింది, రక్తం ఆగలేదు. బండి కట్టి వరంగల్ దారి పట్టారు. దారిలోనే పోయింది. అల్లుడు సగంలో తర్జుమా ఆపేశాడు. కూతురు మిగతాది చెప్పింది. ఆమె కూడా ఆ కథ వినడం అదే మొదటిసారి.

మిడ్‌వైఫ్ బ్యాగు తెరిచి ఒక్కొక్కటీ నేల మీద పరిచింది. గర్భసంచి ముడుచుకుని రక్తం ఆగడానికి ఇంజెక్షన్లు. సెలైన్ ఎక్కించే సామాను. బిడ్డ ఏడవకపోతే ఊపిరి ఊదే చిన్న మాస్కు, సంచి. నీళ్లలో కూడా గుండె చప్పుడు వినిపించే డాప్లర్. నొప్పికి పీల్చే 'గ్యాస్ అండ్ ఎయిర్' సిలిండర్లు తర్వాత వస్తాయంది.

"ఏది లేదు?" అంది అమ్మ. మంచి ప్రశ్న.

"రక్తం లేదు. ఆపరేషన్ లేదు. వెన్నుకు మత్తు లేదు. అందుకే అనుమానం రాగానే బయల్దేరతాను. ప్రమాదం దాకా ఆగను." తర్వాత కూతురి వైపు తిరిగింది. "నేను లేవమంటే తొట్టిలోంచి లేవాలి. ఎందుకని అప్పుడు అడగొద్దు. లేచాక చెబుతాను."

కూతురు ఒప్పుకుంది. అమ్మ వంటింట్లోకి పోయి టీ పెట్టింది. ఒప్పుకున్నట్టు కాదు, అడగాల్సినవి అయిపోయినట్టు.

తొట్టి సంగతి అనుకున్నంత సులువు కాదు. గాలి నింపే ఆ తొట్టిలో ఆరు వందల లీటర్లకు పైగా పడతాయి. అంటే ఆరు వందల కిలోల పైమాటే. పై అంతస్తులో అయితే ఇంటి యజమాని ఏమనేవాడో. కుళాయికి సరిపోయే మూతి దొరక్క మూడు రకాలు కొన్నారు. పైపు కొత్తదే ఉండాలి, తోటకు వాడింది పనికిరాదు. ఒకసారి నింపి చూస్తే గంటన్నర పట్టింది. నింపి అలాగే ఉంచేద్దామా అంటే కుదరదు. 2014లో ఇంగ్లండ్‌లోనే, నీళ్లు వేడిగా తిప్పుతూ ఉంచే హీటరున్న తొట్టిని ముందే నింపి పెట్టుకున్న ఇంట్లో పుట్టిన పసికందుకు లీజియోనెల్లా అనే నీటి బ్యాక్టీరియా సోకింది. ప్రభుత్వం అలాంటి తొట్లు ఇళ్లలో వాడొద్దని హెచ్చరించింది. నొప్పులు మొదలయ్యాకే నింపాలి.

నవంబరులో ఒక శనివారం రాత్రి పదింటికి మొదలయ్యాయి. అల్లుడు ఫోన్‌లో నిమిషాలు లెక్కపెట్టాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఇంకా దగ్గర పడనివ్వండి అన్నారు. ఒంటిగంటకు పైపు తిప్పాడు. మూడింటికి ఉమ్మనీరు పోయింది, తేటగా. నాలుగింటికి మిడ్‌వైఫ్ తలుపు తట్టింది. అదే మనిషి. పరీక్ష చేసి ఐదు సెంటీమీటర్లంది.

నీళ్లలో దిగిన మొదటి నిమిషంలో కూతురి ముఖం చూసి అల్లుడికి ఫ్రిజ్ మీద కాగితం మర్చిపోవాలనిపించిందట. నొప్పి పోలేదు, బరువు పోయింది అంటుంది ఆమె. శాస్త్రం కూడా అంతకుమించి చెప్పదు. నీళ్లలో నొప్పులు పడితే వెన్నుకు మత్తు అవసరమయ్యేవాళ్లు నూటికి 43 నుంచి 39కి తగ్గారని కోక్రేన్ సమీక్ష తేల్చింది. తేడా అంతే. కానీ నాలుగు గంటల రాత్రి ఆ గదిలో ఎవరూ సమీక్షలు చదవడం లేదు.

చిన్న గొడవ ఒకటి జరిగింది. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. అదే గదిలో మూలన. మిడ్‌వైఫ్ సిలిండరు చూపించి చేతులు అడ్డంగా ఊపింది. ఆ గ్యాసు పక్కన మంట ఉండకూడదు. బిడ్డ నొప్పులు పడుతుంటే దీపం కొండెక్కించడమా? అమ్మ కదల్లేదు. చివరికి కూతురే నీళ్లలోంచి అరిచింది. "వంటింట్ల పెట్టు అమ్మా! దేవుడు అక్కడికి రాడా?" దీపం వంటింటికి మారింది, మధ్యలో తలుపు మూసుకుంది.

తిరిగొస్తూ అమ్మ స్టీలు చెంబు తెచ్చింది. తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని, నీళ్లు ముంచి కూతురి నడుం మీద పోయడం మొదలుపెట్టింది. నొప్పి వచ్చినప్పుడు ధార ఆగకుండా, పోయినప్పుడు ఆపి. ఎవరూ చెప్పలేదు. బాలింతలకు స్నానం పోసిన చేతులు. మిడ్‌వైఫ్ ప్రతి పావుగంటకూ డాప్లర్ పెట్టి వింటూ, గంటకోసారి నీళ్ల వేడి చూస్తూ, మధ్యలో అమ్మ పోసే లయను గమనించి తను నడుం రుద్దడం మానేసింది.

ఎనిమిదింటికి మళ్లీ పరీక్ష. ఆరు సెంటీమీటర్లు. నాలుగు గంటల్లో కనీసం రెండు పెరగాలన్నది అక్కడి నియమం. ఒకటే పెరిగింది. బయటికి రా, నడువు, మెట్లెక్కు అంది మిడ్‌వైఫ్. ఆమె మెట్లెక్కింది. అమ్మ రాగిజావ తాగించింది. బిడ్డ గుండె గట్టిగానే కొట్టుకుంటోంది. ఆమె మళ్లీ నీళ్లలో దిగింది. పదింటికి చూస్తే అదే ఆరు. బిడ్డ వీపు తల్లి వెన్నువైపు తిరిగి ఉంది.

"ఇక లేవాలి."

ఎందుకని అడగలేదు. అడగొద్దన్న మాట గుర్తుండి కాదు, ఓపిక లేక. లేచి తువ్వాలు చుట్టుకున్నాకే ఏడ్చింది. మిడ్‌వైఫ్ మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. ప్రమాదమేమీ లేదు, బిడ్డ బాగుంది, కానీ ఈ నొప్పులకు బలం చాలడం లేదు, ఆ బలం ఇచ్చే మందు ఇంట్లో ఇవ్వకూడదు. తొలిచూలు తల్లులు ఇంటి నుంచి తరలడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. ఎర్రలైట్లు, ఉరుకులు కాదు. ఆలస్యం.

అంబులెన్సు నలభై నిమిషాలకు వచ్చింది. అల్లుడు సర్దిన బ్యాగు గుమ్మం పక్కనే ఉంది. చెప్పుల స్టాండు లేదు కాబట్టి కుర్చీ ఒక్కసారికే తిరిగింది. మిడ్‌వైఫ్, అల్లుడు వెంట వెళ్లారు. అమ్మకు చోటు లేదు.

ఆసుపత్రిలో వెన్నుకు మత్తు ఇచ్చారు, నొప్పులు పెంచే డ్రిప్పు పెట్టారు. మత్తులో ఆమె మూడు గంటలు నిద్రపోయింది. ఆ నిద్రలో బిడ్డ మెల్లగా తిరిగింది. రాత్రి ఎనిమిది దాటాక డాక్టరు వాక్యూమ్ కప్పు పెట్టి సాయం చేస్తే ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల వంద గ్రాములు. పుట్టగానే ఏడ్చింది.

తర్వాత కలిసినప్పుడు అడిగాను, ఓడిపోయినట్టు అనిపించిందా అని. "మొదటి రెండు వారాలు," అంది. ఇప్పుడు? ఆమె మాటలు తడుముకోలేదు. ఇంట్లో గడిచిన పన్నెండు గంటలూ తనవేనట, ఆ గంటల్ని ఎవరికీ ఇవ్వదట. వెన్నుకు మత్తు ఇచ్చినవాళ్లకు దండం కూడా పెడుతుందట. అదే 'బర్త్‌ప్లేస్' లెక్కలో, రెండో కాన్పు నుంచి ఇంటి నుంచి తరలేవాళ్లు నూటికి 12 మందే, బిడ్డకు ప్రమాదంలో తేడా కూడా కనిపించలేదు. అల్లుడు ఆ అంకె అప్పుడే చెప్పబోతే ఆమె నోరు మూయించింది. పిల్ల ఇంకా పాలు తాగుతోంది, రెండోది ఏంటని.

నన్ను అడిగితే, ఆ ఇంట్లో ధైర్యమంతా నీళ్ల తొట్టిలో లేదు. ఫ్రిజ్ మీద 45 అని రాసి, దాన్ని చూస్తూనే తొట్టి అద్దెకు తెచ్చుకోవడంలో ఉంది. అల్లుడు ఆ రాత్రి బట్టల కోసం ఇంటికొచ్చాడు. పన్నెండు కావస్తోంది. ఆరు వందల లీటర్లూ తోడి పారబోయాలన్న ఆలోచనతోనే తలుపు తీశాడట.

ముందుగది పొడిగా ఉంది. తొట్టి గాలి తీసి మడిచి ఉంది. లోపలి ప్లాస్టిక్ షీటు కడిగి పెరట్లో తాడు మీద ఆరేసి ఉంది. అమ్మ సోఫాలో కూర్చుని ఫోన్‌లో మనవరాలి ఫొటో పెద్దది చేసి చూస్తోంది.

"ఇదంతా ఎవరు తోడారు అత్తమ్మా?"

"నేనే. బకెట్‌తోని. మీరు పోయినంక చేసేదేమున్నది? ఊకె కూసుంటే పానం ఆగలె."

"మోటారు ఉంది కదా. మెట్ల కింద పెట్టెలో. స్విచ్చి వేస్తే అరగంటలో అయిపోతుంది."

"నాకు చెప్పినవా?" అంది అమ్మ. "సరే గని, ఇది కిరాయిదేనా?"

"ఆఁ. నాలుగు వారాలకు కట్టాం."

"ఎన్నైనయి?"

"రెండున్నర."

"మిగిలిన పైసలు అడుగు," అని అమ్మ చారు వేడి చేయడానికి లేచింది.